ములుగు కుదుపుకు అమలాపురం నేల జరిగిందా? లోతు భూకంపాల లెక్క, మన డెల్టా లెక్క

మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను కుదించి చెబుతాను. మీరు అమలాపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెబుతున్నారు. కాలేజీ మేడ మీద రెండు ఫ్రీక్వెన్సీల జీఎన్ఎస్ఎస్ రిసీవర్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహాల సంకేతాలతో స్థానం కొలిచేది) పెట్టి రోజువారీ పొజిషన్లు తీస్తున్నారు. 2024 డిసెంబరు 4న ఉదయం 7.27కి ములుగులో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మీ ఇంట్లో ఫ్యాన్లు ఊగాయి. దాని లోతు 40 కి.మీ. అని ఢిల్లీలోని జాతీయ భూకంప కేంద్రం ప్రకటించింది. రెండు రోజుల తర్వాత చూస్తే రిసీవర్ ఎత్తు 8 మి.మీ. తగ్గింది. ఈ తగ్గుదల భూకంపం వల్లేనా, లోతులో వచ్చే భూకంపాలు పైనున్న నేలను శాశ్వతంగా జరుపుతాయా, జరిపితే దాన్ని ఏ మోడల్‌తో లెక్కకట్టాలి అని అడిగారు. పిల్లలు దీన్ని అప్పుడే ప్రాజెక్టుగా రాస్తున్నారనీ, ఊళ్లో కొందరు నేల కుంగిపోతోందని టెన్షన్ పడుతున్నారనీ కూడా రాశారు. రిపోర్టు బయటికి వెళ్లకముందే ఈ మాటలు చేరాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఆ 8 మి.మీ.కీ ములుగు భూకంపానికీ సంబంధం లేదు. కాగితం మీద ఐదు నిమిషాల్లో తేలిపోయే లెక్క ఇది. మీ పిల్లల చేత బోర్డు మీద చేయించండి.

భూకంపం వచ్చినప్పుడు నేలకు రెండు వేరు వేరు సంగతులు జరుగుతాయి. ఒకటి ఊగడం. తరంగాలు వస్తాయి, ఊపుతాయి, పోతాయి. నేల మళ్లీ ఎక్కడిదక్కడికి వస్తుంది. రెండోది జరగడం. లోపల రాయి పగులు వెంట జారింది కాబట్టి, చుట్టూ ఉన్న రాయంతా కొత్త స్థితికి సర్దుకుంటుంది, ఆ సర్దుబాటు ఇక వెనక్కి పోదు. ఊపు దూరంతో పాటు నెమ్మదిగా తగ్గుతుంది: దూరం పది రెట్లయితే ఊపు పదో వంతు, మధ్యలో రాళ్లు మింగేసేది కాస్త అదనం. శాశ్వత జరుగుదల మాత్రం దూరం వర్గానికి విలోమంగా పడిపోతుంది: దూరం పది రెట్లయితే జరుగుదల నూరో వంతు. అందుకే వందల కిలోమీటర్ల అవతల ఫ్యాన్లు ఊగినా అక్కడి నేల జరిగి ఉండదు. ఒంటికి తెలిసిన ఊపును బట్టి నేల జరుగుదలను ఊహించడం దగ్గరే చాలామంది తడబడతారు.

ఇక అంకెలు. 5.3 మొమెంట్ మాగ్నిట్యూడ్ అంటే భూకంప మొమెంట్ (జారిన పగులు వైశాల్యం, జారుడు, రాయి గట్టిదనం, ఈ మూడింటి లబ్ధం) దాదాపు 1.1 ఇంటూ 10 పవర్ 17 న్యూటన్ మీటర్లు. ములుగు ఎపిసెంటర్ నుంచి అమలాపురానికి తిన్నగా కొలిస్తే సుమారు 280 కి.మీ. పైపొరల రాయికి షియర్ మాడ్యులస్ (పక్కకు నెడితే రాయి చూపే గట్టిదనం) 4 ఇంటూ 10 పవర్ 10 పాస్కల్స్ అనుకుందాం. మొమెంట్‌ను నాలుగు పై, షియర్ మాడ్యులస్, దూరం వర్గం, ఈ మూడింటి లబ్ధంతో భాగించండి. 3 మైక్రాన్లు వస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దిక్కును బట్టి, నేల ఉపరితలం స్వేచ్ఛగా ఉండడాన్ని బట్టి రెండు మూడు రెట్లు అటూ ఇటూ అయినా మైక్రాన్లలోనే ఉంటుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మీ రిసీవర్ చూపించింది 8,000 మైక్రాన్లు.

ఇదే లెక్కను తిప్పి వేస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ములుగు దగ్గర భూకంపం వచ్చి మీ మేడ మీద 3 మి.మీ. జరుగుదల కనిపించాలంటే మొమెంట్ వెయ్యి రెట్లు కావాలి. మాగ్నిట్యూడ్ 2 పెరిగితేనే మొమెంట్ వెయ్యి రెట్లవుతుంది. అంటే అక్కడ 7.3 రావాలి. అంతటిది వస్తే మనం మాట్లాడుకోవలసింది రిసీవర్ గురించి కాదు.

పెద్దవాళ్లకు గుర్తుండే 1969 ఏప్రిల్ నాటి భద్రాచలం భూకంపాన్నీ ఇలాగే చూడొచ్చు. దాని తీవ్రత 5.7. రాజమండ్రికి సుమారు 150 కి.మీ. దూరం అనుకుంటే శాశ్వత జరుగుదల 40 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో సుమారు 6 తీవ్రతతో, 50 కి.మీ.కి దగ్గరి లోతులో వచ్చినదాన్ని కోస్తా అంతా గుర్తుపట్టింది, చెన్నై నుంచి కోల్‌కతా దాకా జనం బయటికి వచ్చారు. కాకినాడకు అది 600 కి.మీ. పైగా దూరం. జరుగుదల లెక్క వేస్తే మళ్లీ ఆరేడు మైక్రాన్లే.

మన తరంలో గోదావరి డెల్టా నేలను నిజంగా జరిపిన భూకంపం 2004 డిసెంబరు 26 నాటి సుమత్రాది. అది లోతైనది కాదు, దాని బలం వేరు. 9.1 తీవ్రత, వెయ్యి కిలోమీటర్లకు పైగా పగిలిన పొడవు. హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఆవరణలో ఉన్న జీపీఎస్ కేంద్రం, బెంగళూరు కేంద్రం, రెండూ కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు దాకా తూర్పువైపు జరిగాయి. మన డెల్టా కూడా ఆ దిక్కుకే అదే స్థాయిలో జరిగి ఉంటుంది. అయితే ఊళ్లన్నీ కలిసి ఒకే దిక్కుకు ఒకే కొలతలో జరిగితే గోడ మీద గీత కూడా పడదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న. 40 కి.మీ. అనేది మనకు చాలా లోతుగా అనిపిస్తుంది కానీ భూకంప శాస్త్రంలో అది పైపై లెక్కే. 70 కి.మీ. దాకా తక్కువ లోతు, 70 నుంచి 300 దాకా మధ్యస్థం, 300 దాటితేనే లోతైనది. సుమారు 700 కి.మీ. దగ్గర మొత్తంగా ఆగిపోతాయి. అంత లోతులోనూ భూకంపాలు పుడతాయని జపాన్ శాస్త్రవేత్త కియో వదాతి 1928లో తేల్చి చెప్పాడు. సముద్రపు పలక మరో పలక కిందికి దిగిపోయే చోట్లే అవి వస్తాయి: టోంగా, ఫిజీ, జపాన్, ఒఖోత్స్క్ సముద్రం, దక్షిణ అమెరికా అడుగు. మనకు దగ్గర్లో బర్మా సరిహద్దు కొండల కింద 150 కి.మీ. చుట్టుపక్కల వస్తాయి, హిందూకుష్ కింద 200 కి.మీ. పైచిలుకు లోతులో వస్తాయి. 2015 అక్టోబరు 26న ఢిల్లీని ఊపిన 7.5 అక్కడిదే. మన ద్వీపకల్పం కింద దిగిపోతున్న పలక ఏదీ లేదు. కాబట్టి గోదావరి కింద 300 కి.మీ. లోతులో భూకంపం వస్తుందన్న భయం అక్కర్లేదు.

ఒక చిన్న హెచ్చరిక. 40 అన్న అంకెను మరీ గట్టిగా పట్టుకుని మోడల్ కట్టకండి. భూకంపం పుట్టిన క్షణం, పుట్టిన లోతు అనే రెండు తెలియని సంఖ్యలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. లోతెంతో దాదాపు అంత దూరంలోనే ఒక సీస్మోమీటర్ ఉంటే తప్ప ఆ ముడి సరిగా విడదు. మొదటి గంటలో ప్రకటించే లోతు ఎప్పుడూ తాత్కాలికమే.

నిజంగా లోతైన భూకంపాలు నేలను జరుపుతాయి, దాన్ని కొలిచారు కూడా. 1994 జూన్ 9న బొలీవియా కింద సుమారు 637 కి.మీ. లోతులో 8.2 వచ్చింది. కెనడాలోని టొరంటోలో కూడా జనానికి తెలిసింది. అదృష్టం కొద్దీ అప్పటికే ఆ దేశపు పీఠభూమికి అడ్డంగా బ్రాడ్‌బ్యాండ్ సీస్మోమీటర్ల వరుస ఒకటి బిగించి ఉంది. ఆ రికార్డుల్లోంచే మిల్లీమీటర్ల స్థాయి శాశ్వత జరుగుదలను బయటికి తీశారు. ఇది ఎంత కష్టమైన పనో చెప్పాలి. సీస్మోమీటర్ కొలిచేది వేగాన్ని. అది కూడా నిమిషం రెండు నిమిషాల ఆవర్తన కాలం వరకే నమ్మకంగా కొలుస్తుంది, అంతకంటే నెమ్మదైన కదలికను మింగేస్తుంది. శాశ్వత జరుగుదల అంటే సున్నా ఫ్రీక్వెన్సీ. పైగా వేగాన్ని కూడి స్థానంగా మార్చేటప్పుడు పరికరం ఒక పిసరు వాలినా గీత ఆకాశానికి ఎక్కుతుంది. మరి ఎలా కుదిరిందంటే, ముందు వచ్చే పీ తరంగానికీ వెనుక వచ్చే ఎస్ తరంగానికీ మధ్య అంత లోతు నుంచి సుమారు నిమిషం తేడా వస్తుంది. ఆ నిమిషంలో నేల ఊగకుండా ఒకే దిక్కుకు మెల్లగా ఎక్కుతూ పోతుంది. దాన్ని సమీప క్షేత్ర పదం అంటాం. ఆ ఎక్కుడు పరికరానికి అందే వేగంలోనే ఉంటుంది. ఎస్ దాటాక ఎక్కడ నిలబడిందో అదే శాశ్వత జరుగుదల. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన పనుల్లో ఇది ఒకటి. చేతిలో ఉన్న పరికరం దేనికి పనికిరాదంటారో దానితోనే, భౌతికశాస్త్రం తెలిసి ఉండబట్టి, ఆ కొలతను రాబట్టారు.

2013 మే 24 నాటికి పరిస్థితి మారింది. ఒఖోత్స్క్ సముద్రం కింద 600 కి.మీ. చుట్టుపక్కల లోతులో 8.3 వచ్చింది. ఇంతవరకు పరికరాల మీద నమోదైన లోతైన భూకంపాల్లో అదే అన్నింటికంటే పెద్దది. మాస్కోలో కూడా తెలిసింది. ఈసారి ఆ సముద్రం పక్కనున్న రష్యా ద్వీపకల్పం కమ్చాట్కాలో జీపీఎస్ కేంద్రాలు వరుసగా ఉన్నాయి. అవి సెంటీమీటరు స్థాయి జరుగుదలను నేరుగా చూపించాయి. మన బోర్డు లెక్కను ఇక్కడా పెట్టి చూడండి: మొమెంట్ 3.5 ఇంటూ 10 పవర్ 21, దూరం 600 కి.మీ., షియర్ మాడ్యులస్‌కు ఆ మధ్యనున్న లోతుల సగటుగా 10 పవర్ 11. 8 మి.మీ. దగ్గర వస్తుంది. ఒక్క వరుస లెక్కకు ఇంతకంటే ఏం కావాలి!

ఇక్కడే మీ పిల్లలు పట్టుకోవలసిన అసలు సంగతి ఉంది. మూలం ఎంత లోతులో ఉంటే పైన కదలిక అంత వెడల్పుగా పరుచుకుంటుంది. 600 కి.మీ. లోతు భూకంపం వల్ల ఒక చోట సెంటీమీటరు జరిగితే, 50 కి.మీ. అవతల కూడా ఇంచుమించు సెంటీమీటరే జరుగుతుంది. 10 కి.మీ. లోతులో పగులు జారితే పది ఇరవై కిలోమీటర్లలోనే కదలిక రూపం మారిపోతుంది. 3 కి.మీ. లోతులో చమురు, గ్యాసు పొర కుదించుకుంటే గిన్నెలాంటి పల్లం నాలుగైదు కిలోమీటర్ల మేర ఏర్పడుతుంది. భూగర్భజలం తోడితే ఆ బోర్ల చుట్టూ. రిసీవర్ కట్టిన స్తంభం ఒరిగితే ఆ స్తంభం ఒక్కటే. కాబట్టి కారణం వెతికేవాడు చూడవలసింది ఎన్ని మిల్లీమీటర్లు అని కాదు, ఎంత మేర అని. ఒక్క రిసీవర్‌తో ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుంది, ఎంత మేరో ఎన్నటికీ తెలియదు.

ఈ ఒక్క సూత్రంతో మీ 8 మి.మీ. సంగతి తేల్చేయొచ్చు. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతా కార్స్ కేంద్రాలు (ఆగకుండా నడిచే జీపీఎస్ రిసీవర్లు) పెట్టింది. మీకు చుట్టుపక్కల ఉన్న కేంద్రాల డేటా అదే రెండు వారాలకు తీసుకోండి. రాజమండ్రి, కాకినాడ, నరసాపురం వైపు ఉన్నవి అన్నీ ఒకేసారి 8 మి.మీ. దిగి ఉంటే పెద్ద సంగతే, నాకు కూడా చెప్పండి. మీది ఒక్కటే దిగి ఉంటే కారణం మీ మేడలోనో, మీ యాంటెనా కిందో, మీ ప్రాసెసింగ్‌లోనో ఉంది. రెండో ఫలితమే వస్తుందని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే రోజువారీ ఎత్తుల్లో 6 నుంచి 10 మి.మీ. చెదురు (అంకెలు రోజుకో రకంగా అటూ ఇటూ పడటం) మామూలే. ఎత్తు కొలత అడ్డం కొలత కంటే రెండు మూడు రెట్లు అధ్వానంగా ఉంటుంది. ఉపగ్రహాలన్నీ మన తల పైనే ఉంటాయి కానీ కాళ్ల కింద ఉండవు కదా. దానికి తోడు గాలిలోని తేమ సిగ్నల్‌ను ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్ ఎత్తుగా పొరబడుతుంది. అంతకు ముందు నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అలాంటి వారం తర్వాత కోస్తాలో తేమ ఎలా మారిందో చూడకుండా ఎత్తు గురించి మాట్లాడకూడదు. మీ ప్రాసెసింగ్‌లో జెనిత్ డిలే (గాలి వల్ల సిగ్నల్‌కు వచ్చే ఆలస్యం) అనే కాలమ్ ఉంటుంది. దాన్నీ ఎత్తునూ ఒకే గ్రాఫులో గీయండి. రెండూ ఒకేసారి వంగితే కథ అక్కడితో అయిపోయింది.

మన నేల రోజూ ఎంత కదులుతుందో పిల్లలకు చెప్పడానికి ఇదే మంచి సందర్భం. సూర్యచంద్రుల ఆకర్షణకు గట్టి నేల కూడా పోటెత్తుతుంది. మన అక్షాంశంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అది పైకీ కిందికీ కలిపి 30, 40 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఇల్లూ గుడీ గోదారీ అన్నీ కలిసి ఎక్కుతాయి, దిగుతాయి కాబట్టి ఎవరికీ తెలియదు. సాఫ్ట్‌వేర్ దాన్ని తీసేస్తుంది. సముద్రపు పోటు బరువుకు తీరం కుంగడం మాత్రం కొన్ని ప్రోగ్రాముల్లో విడిగా ఆన్ చేయాలి. అంతర్వేది, ఓడలరేవు అంత దగ్గర్లో ఉన్న మీలాంటి వాళ్లు దాన్ని వదిలేస్తే మిల్లీమీటర్లు పోతాయి. వానాకాలంలో నీటి బరువుకు నేల కొన్ని మిల్లీమీటర్లు దిగి వేసవిలో లేస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పోయిన వరదలాంటిది ఇప్పుడు వస్తే రిసీవర్ల మీద ఆ బరువు స్పష్టంగా కనిపిస్తుంది. వీటన్నింటి మీదా పలక ప్రయాణం ఉంది: మనమంతా ఏడాదికి 5 సెంటీమీటర్ల లెక్కన ఈశాన్యంగా పోతున్నాం. ఇన్ని కదలికల మధ్య భూకంపం రోజున ఒక్కసారిగా పడిన ఒక మెట్టును వెతకడమే భూకంప జియోడెసీ (నేల కొలతల శాస్త్రం).

ఆ మెట్టును ఎలా వెతకాలంటే, భూకంపానికి ముందు కనీసం నెల, తర్వాత నెల డేటా తీసుకోండి. వాలు, ఆ తేదీన ఒక మెట్టు, ఏడాదికి బాగా మించి డేటా ఉంటే ఏడాది చక్రం కూడా, వీటన్నింటినీ కలిపి ఒకేసారి లీస్ట్ స్క్వేర్స్ ఫిట్ చేయండి. మెట్టు పక్కన దాని అనిశ్చితి కూడా రాయండి. ఒక్కో రోజు చెదురు 6 మి.మీ. ఉంటే, అటు 30 రోజులు ఇటు 30 రోజుల సగటుతో మెట్టు అనిశ్చితి ఒకటిన్నర మి.మీ. వస్తుంది. నిజానికి జీపీఎస్ చెదురు రోజుకు రోజు స్వతంత్రం కాదు, నిన్నటి తప్పు ఇవాళ కూడా కొంత ఉంటుంది. కాబట్టి దాన్ని రెట్టింపు చేసి చెప్పడం నిజాయితీ. ఆ తర్వాత ఒక పరీక్ష తప్పకుండా చేయండి: భూకంపం లేని మరో ఇరవై తేదీల్లో కూడా ఇలాగే మెట్టు పెట్టి చూడండి. వాటిలో సగానికి 4, 5 మి.మీ. మెట్లు వస్తే డిసెంబరు 4 నాటి మెట్టుకు విలువ ఏముంటుంది?

మూడో ప్రశ్న మోడల్ గురించి. మీరు ఒకాడా సూత్రాలు వాడదామనుకుంటున్నారు. జపాన్ శాస్త్రవేత్త ఒకాడా 1985లో ఇచ్చిన ఆ సూత్రాలు సమతలంగా, అంతటా ఒకే గట్టిదనంతో, కిందికి అంతులేకుండా ఉన్న భూమిని ఊహించుకుంటాయి. పదీ ఇరవై కిలోమీటర్ల లోతు పగుళ్లకు అవి చక్కగా సరిపోతాయి. ములుగుకూ సరిపోతాయి. జవాబు మైక్రాన్లలోనే వస్తుంది, అంతే. 600 కి.మీ. లోతుకు మాత్రం మూడు చోట్ల తేడా కొడుతుంది.

అన్నింటికంటే పెద్దది గట్టిదనం. ఆ లోతులో షియర్ మాడ్యులస్ సుమారు 1.2 ఇంటూ 10 పవర్ 11, పైపొరల కంటే మూడు నాలుగు రెట్లు. మొమెంట్‌ను జారుడుగా మార్చేటప్పుడు అలవాటుగా పైపొర అంకె వేస్తే జారుడు మూడు నాలుగు రెట్లు ఎక్కువ వస్తుంది, పైన జరుగుదల కూడా అలాగే ఉబ్బుతుంది. విద్యార్థులు రాసిన ప్రోగ్రాముల్లో నేను మొదట వెతికేది ఈ అంకెనే. ఎంత దాచినా ఇది ఎక్కడో డిఫాల్ట్‌గా కూర్చుని ఉంటుంది. రెండోది భూమి గుండ్రదనం. 1000 కి.మీ. దూరం పోయేసరికి ఉపరితలం సమతలం నుంచి దాదాపు 78 కి.మీ. కిందికి వంగిపోతుంది. లోతే 600 అయినప్పుడు దీన్ని వదిలేయడం కుదరదు. మూడోది పొరలు, 410, 660 కి.మీ. దగ్గర గట్టిదనం ఒక్కసారిగా మారుతుంది. అందుకే ఇలాంటి వాటికి గుండ్రటి, పొరల భూమి మోడల్ కావాలి. బొలీవియా జరుగుదలను భూమి సహజ కంపనాలన్నింటినీ కూడి లెక్కకట్టారు. భూమి గంటలా మోగే ఒక్కో స్వరానికీ శాశ్వత జరుగుదలలో ఎంత వాటా ఉందో తీసి కలపడం అన్నమాట. అదే ఫలితం ఇచ్చే సిద్ధంగా ఉన్న ప్రోగ్రాములు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. పీహెచ్‌డీ స్థాయి పని అనుకుని వెనక్కి తగ్గకండి. ఎంటెక్ పిల్లలు ఒక సెమిస్టర్‌లో నడపగలరు.

లోతు వల్ల ఒక సౌకర్యం కూడా ఉంది. అంత దూరం నుంచి చూస్తే పగులు పొడవెంత, జారుడు ఎక్కడ ఎక్కువ అన్న వివరాలు పైనున్న శాశ్వత జరుగుదలలో చెరిగిపోతాయి. మూలాన్ని ఒక్క బిందువుగా పెట్టి, ప్రకటించిన మొమెంట్ టెన్సర్‌ను (మూలం బలాన్నీ దిక్కులనూ చెప్పే అంకెల పట్టికను) నేరుగా వాడితే సరిపోతుంది. పగులు నిలువుగా ఉందా, పడుకుని ఉందా అన్నది కూడా ఈ డేటా నుంచి తేలదు. తేల్చాలంటే తరంగాల రికార్డులే గతి. మరో పక్క, రాయి ఉన్నట్టుండి దట్టమైన స్ఫటిక రూపంలోకి మారి ఘనపరిమాణం తగ్గిందా అన్న పాత ప్రశ్నకు ఈ డేటా పనికొస్తుంది. అలా తగ్గితే చుట్టూ ఉన్న నేలంతా మధ్యకు లాగినట్టు జరగాలి. బొలీవియా, ఒఖోత్స్క్ రెంటిలోనూ జారుడే ప్రధానంగా కనిపించింది.

ఉపగ్రహ రాడార్ చిత్రాలు వాడొచ్చా అని కామెంట్లలో ఒకరు అడిగారు. లోతు భూకంపానికి అవి పనికిరావు. చిత్రం వెడల్పు 250 కి.మీ., కదలిక వెడల్పు 600 కి.మీ. అయితే చిత్రంలో కనిపించేది ఒక నున్నటి వాలు. ఉపగ్రహ కక్ష్యలో పొరపాటు కూడా అలాంటి వాలులాగే కనిపిస్తుంది. ప్రాసెసింగ్‌లో దాన్ని తీసేసేటప్పుడు భూకంపం కూడా దానితో పాటు పోతుంది.

కానీ డెల్టా నెమ్మదిగా కుంగడాన్ని చూడటానికి రాడార్ కంటే మంచిది లేదు. మన పని అక్కడే ఉందని నా అభిప్రాయం. గోదావరి డెల్టా కింద కిలోమీటర్ల మందాన అవక్షేపాలు ఉన్నాయి. పైన ఉన్న ఒండ్రు, బంకమట్టి తన బరువుకు తానే అణుగుతూ ఉంటుంది. మునుపు ఏటా వరద తెచ్చే ఒండ్రు ఆ లోటును పూడ్చేది. ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోయాక ఆ పూడిక తగ్గింది. ఉప్పాడ తీరం కోతను కళ్లారా చూస్తున్నాం. దీని మీద భూగర్భజలం తోడకం, గ్యాసు తీత ఎంత కలుస్తున్నాయన్నది కొలిచి చెప్పవలసిన విషయం. ఊళ్లో వాళ్ల టెన్షన్‌ను కొట్టిపారేయకండి. వాళ్లు భూకంపం అనుకుంటున్నారు గానీ, నేల దిగుతోందా అన్న వాళ్ల ప్రశ్న న్యాయమైనది.

ఇబ్బంది ఏమిటంటే సెంటినెల్ ఉపగ్రహం లాంటి 5.6 సెం.మీ. తరంగాల రాడార్‌కు వరిచేలు, కొబ్బరితోటలు లొంగవు. ఉపగ్రహం మళ్లీ అదే దారిలో వచ్చే పన్నెండు రోజుల్లో ఆకు మారిపోతే పోల్చడానికి ఏమీ మిగలదు. ఊళ్లలో డాబాలు, వంతెనలు మాత్రమే నిలకడగా మెరుస్తాయి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహంలో 24 సెం.మీ. తరంగాల రాడార్ ఉంది. అది ఆకులను దాటి చూస్తుంది. కోనసీమకు అదే సరైన కన్ను. దానికి తోడు పాత జీటీఎస్ (గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే) బెంచ్ మార్కులు, అంటే ఎత్తు గుర్తు రాళ్లు, ఉన్నాయి. విశాఖతో సహా తొమ్మిది రేవుల సగటు సముద్ర మట్టం ఆధారంగా 1909లో నిలిచిన కొలతల పరంపర అది. కాలువల లాకుల దగ్గర, రైల్వే కట్టడాల మీద ఇంకా మిగిలి ఉన్నవాటిని వెతికి మళ్లీ లెవెలింగ్ చేస్తే దశాబ్దాల తేడా ఒక్కసారిగా దొరుకుతుంది. మీ సివిల్ పిల్లలకు ఇంతకంటే మంచి ఫీల్డ్ వర్క్ నాకు తోచడం లేదు.

రిసీవర్‌ను మాత్రం మేడ మీంచి దింపండి. కాంక్రీటు మేడ ఎండకు వ్యాకోచిస్తుంది, దానికి తోడు కింద నల్లరేగడి తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోతే పునాదే ఆడుతుంది. మెత్తమట్టిని దాటి గట్టి ఇసుక పొర దాకా పైపు దింపి, చుట్టూ మట్టికి తగలకుండా మరో పెద్ద పైపు తొడిగి, లోపలి పైపు మీద యాంటెనా పెట్టండి. వీలైతే పక్కనే పైమట్టిలోనే మరొకటి. రెండింటి ఎత్తుల తేడా ఆ పైమట్టి ఎంత అణుగుతోందో చెబుతుంది. లోతైనది దాని కింద జరిగేదంతా చెబుతుంది.

భూకంపం విషయంలో మన డెల్టాకు అసలు ప్రమాదం ఊపు నుంచే. మెత్తటి ఒండ్రు ఊపును పెంచుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో సబర్మతి ఒండ్రు మీద కట్టిన అపార్టుమెంట్లు కూలాయి. ఒండ్రు పొర సహజ ఫ్రీక్వెన్సీని ఎస్ తరంగ వేగాన్ని మందానికి నాలుగు రెట్లతో భాగించి తెలుసుకోవచ్చు. సెకనుకు 200 మీటర్ల వేగం, 50 మీటర్ల మందం ఉంటే 1 హెర్ట్జ్. పదంతస్తుల భవనం కూడా దాదాపు అక్కడే ఊగుతుంది. కాకినాడ, రాజమండ్రిల్లో ఇప్పుడు లేస్తున్నవి ఆ ఎత్తువే. ఒక్క మూడు దిక్కుల సీస్మోమీటర్‌తో, భూకంపం కోసం ఎదురుచూడకుండా, నేల మామూలు సడి రికార్డు చేసి అడ్డం కదలికను నిలువు కదలికతో భాగిస్తే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర శిఖరం కనిపిస్తుంది. ఊరికి పది చోట్ల అరగంట చొప్పున చేస్తే చాలు, మ్యాపు తయారవుతుంది. కోనసీమలో ఈ పని చేసేటప్పుడు రొయ్యల చెరువుల ఏరియేటర్లకు దూరంగా ఉండండి. నిమిషానికి వంద చిల్లర చుట్లు తిరిగే ఆ తెడ్ల చక్రం 1.7 హెర్ట్జ్ దగ్గర సూదిలాంటి శిఖరం ఇస్తుంది, అది నేలదే అనుకునే ప్రమాదం ఉంది. నేల శిఖరం వెడల్పుగా ఉంటుంది, మోటారు శిఖరం సన్నగా ఉండి కరెంటు పోగానే మాయమవుతుంది. అనుమానం వస్తే రైతును అడిగి ఐదు నిమిషాలు ఆపించి చూడండి. తెల్లవారుజామున మాత్రం అడగకండి, చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గే వేళ అది.